రక్తనాళము మూసుకొనిన ఏమగును?



పనిమీద విజయవాడ గవర్నరుపేటకు వచ్చినపుడు ఆ చుట్టుప్రక్కల పారు ఏలూరు, రైవస్, బందరు కాలువలను మీరు చూచియే యుందురు. 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి వద్ద నీరు నిండుగా నున్నను, పిల్లకాలువలో పూడిక అడ్డుపడినచో దాని క్రింది చేను ఎండును. శరీరమునందును ఇట్లే జరుగును.

గుండె పంపు వంటిది. ధమనులు కాలువల వంటివి. ప్రాణవాయువు, ఆహారము రక్తముతోనే ప్రతి భాగమునకు చేరును. పొగాకు, అధిక రక్తపోటు, మధుమేహము, రక్తములో అధికమైన కొవ్వు, వీనివలన ధమని గోడలో కొవ్వు ఏండ్ల తరబడి పూడికవలె పేరుకొనును. ఒకనాడు ఆ పూడిక పగిలి, దానిపై రక్తము గడ్డకట్టి దారి మూసివేయును. ఆ ధమని గుండె కండరమునకు పోవునదైన గుండెపోటు, మెదడుకు పోవునదైన పక్షవాతము వచ్చును. కాలికి పోవునదైనచో పుండు మానక కాలు కుళ్లును.

రక్తము పూర్తిగా నిలిచినచో గుండె కండరము సుమారు అరగంటలో చచ్చుట మొదలిడును. గంటలు గడచినకొలది నష్టము ప్రాకును. మెదడు నిమిషములలోనే చెడును. పొట్టదశలో నీరందక తాలుపోయిన వెన్నుకు తరువాత ఎంత నీరు పెట్టినను గింజ కట్టదు. చచ్చిన కండరమును అట్టిదే.

ఇది పట్టణవాసుల జబ్బని తలపరాదు. 2003-04లో గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో ఏడాదిపాటు మరణకారణములను విచారింపగా, 1,354 మరణములలో నూటికి 32 గుండె, రక్తనాళముల జబ్బులవలననే యని తేలినది.

కావున రొమ్ము మధ్య బరువు పెట్టినట్లుండి, నొప్పి ఎడమ చేతికో దవడకో ప్రాకుచు చెమటలు పట్టినచో, గ్యాసు అనుకొని సోడా త్రాగి పడుకొనరాదు. మూతి వంకరపోయినను, ఒక చేయి పడిపోయినను, మాట తడబడినను పసరు మందులకై తిరుగరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. పక్షవాతములో గడ్డను కరిగించు సూదిమందును సామాన్యముగా నాలుగున్నర గంటలలోపల వేయవలెను. మెదడులో రక్తస్రావమైనచో ఆ మందే హాని చేయును గనుక ముందు స్కానింగు తీయుదురు. లక్షణము మొదలైన వేళను గుర్తుంచుకొని వైద్యునకు చెప్పవలెను.

కాలువ పూడికను వేసవిలో తీయించవచ్చును. ధమని పూడికను అట్లు ఏటేట తోడివేయుట సాధ్యము కాదు, పేరుకొనకుండ చూచుకొనవలెను. చుట్ట, బీడీ మానుడు. ఉప్పు తగ్గించుడు. రక్తపోటును, చక్కెరను తప్పక పరీక్ష చేయించుకొని, వైద్యుడిచ్చిన మందును నడుమ మానకుడు.