కాళ్లకు గాలి మెషిన్ కొంటున్నారా? ముందు వాపు ఎందుకొచ్చిందో అడగండి

"బేటా, కాళ్లకు తొడిగే గాలి మెషిన్ అంట, ఫోన్‌లో చూపిస్తున్నారు. తెప్పించమంటావా?" అని పోయిన నెల మా ఖాలా ఫోన్ చేశారు. ఆమెకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి. నేను కామర్స్ చదివినవాణ్ని కదా, ధర ఎంత, ఈఎంఐ ఉందా అని లెక్కలు మొదలుపెట్టాను. డాక్టర్ మాత్రం ఒకటే అడిగారు: "వాపు ఎందుకొస్తోందో చూపించుకున్నారా?"

ఎలా పనిచేస్తుంది?

గుండె నుంచి రక్తం కాళ్లకు సులువుగానే దిగుతుంది, తిరిగి పైకి ఎక్కడమే కష్టం. మనం నడిచినప్పుడు పిక్కల కండరాలు బిగుసుకుని సిరల్లోని రక్తాన్ని పైకి నెడతాయి. అందుకే పిక్కను రెండో గుండె అంటారు. మంచానికే పరిమితమైనవాళ్లలో ఈ పని దాదాపు ఆగిపోతుంది. మెషిన్ దాన్ని బయటి నుంచి చేస్తుంది. పొడవాటి బూటులాంటి తొడుగులో అరలు ఉంటాయి. పాదం నుంచి తొడ వరకు వాటిలో వరుసగా గాలి నిండి కాలును నొక్కుతుంది, తర్వాత వదిలేస్తుంది.

ఎవరికి మేలు?

ఆపరేషన్ తర్వాత లేవలేని పేషెంట్లకు రక్తం గడ్డకట్టకుండా ఆస్పత్రుల్లో ఇలాంటి తొడుగులు వేస్తారు. బోదకాలు వాపుకు, సిరలు దెబ్బతిని మానకుండా ఉన్న పుండ్లకు కూడా కొందరికి డాక్టర్లు రాస్తారు. ఆటలు ఆడేవాళ్లకు, జిమ్‌కు వెళ్లేవాళ్లకు కాళ్ల నొప్పులు కాస్త తగ్గినట్టు అనిపించొచ్చు. కానీ కండరాలు త్వరగా కోలుకుంటాయని చెప్పడానికి గట్టి రుజువులు లేవు.

ఎవరు తొడగకూడదు?

ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డ ఉండొచ్చు. మెషిన్ నొక్కితే అది కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. అదే రోజు ఆస్పత్రికి వెళ్లి డాప్లర్ స్కాన్ చేయించాలి. ఆయాసం, ఛాతీ నొప్పి కూడా ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి.

రెండు కాళ్లూ వాస్తుంటే గుండె, కిడ్నీ, లివర్ పరీక్షలు అవసరం కావచ్చు. గుండె బాగా బలహీనంగా ఉన్నవాళ్లకు కాళ్లలోని నీరు ఒక్కసారిగా పైకి చేరితే ఆ భారం గుండె మీదే పడుతుంది.

నడిస్తే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గుతున్నాయా? ధమనులు సన్నబడి ఉండొచ్చు. అసలే రక్తం సరిగా అందని కాలును మళ్లీ నొక్కితే ఇంకా నష్టం. షుగర్ ఉన్నవాళ్లు, సిగరెట్ తాగేవాళ్లు ఇక్కడ మరీ జాగ్రత్త. షుగర్‌తో పాదాల స్పర్శ తగ్గితే, మెషిన్ ఎక్కువగా నొక్కినా, చర్మం ఒరిసినా తెలియదు. చర్మానికి ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు కూడా వాడొద్దు.

డాక్టర్ వాడమంటే ఒత్తిడి ఎంత, రోజుకు ఎంతసేపు అనేది రాయించుకోండి. కొనే ముందు ఫిజియోథెరపీ సెంటర్‌లో కొన్ని సార్లు వాడి చూడండి.

ఇంతకీ మా ఖాలా సంగతి? ఆమె వేసుకునే బీపీ మాత్ర ఆమ్లోడిపిన్. దానితో కొందరికి పాదాలు వాస్తాయి. పరీక్షలు చేయించి డాక్టరే మాత్ర మార్చారు, వాపు తగ్గింది. అలాగని మాత్ర మీరే ఆపేయకండి. మెషిన్‌కు దాచిన డబ్బు మాత్రం ఆమె అల్మారాలోనే ఉంది.