రాతిలో నిలిచిన దిక్సూచి

బందరు రేవుకు డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను వచ్చినారు. నడిసముద్రంలో వారి ఓడలకు దారి చూపినది దిక్సూచి. ఓడకు దిక్కు చెప్పిన ఆ అయస్కాంత శక్తియే మన నేల చేసిన ప్రయాణాన్ని కూడా చెప్పగలదంటే శ్రోతలకు వింతగా తోచవచ్చు.

నేల స్థిరం కాదన్న సంగతి దివిసీమవారికి కొత్త కాదు. కృష్ణ ఒకచోట ఒండ్రు పోసి లంకను లేపుతుంది. మరొకచోట గట్టును కోసుకొనిపోతుంది. మేము చెప్పబోయేది అంతకంటె పెద్ద కదలిక. ఆ ఒండ్రును మోస్తున్న భూఖండమే కదలివచ్చిన కథ. అయితే గుడివాడలో గాని అవనిగడ్డలో గాని పునాది తవ్వితే మన్నూ ఇసుకా తప్ప రాయి తగలదు. సాక్ష్యంకోసం గోదావరి తీరానికి పోవలసినదే.

రాజమహేంద్రవరం దగ్గర కాతేరులోను, ఆవలి గట్టున దుద్దుకూరు, గౌరీపట్నం ప్రాంతాలలోను నల్లరాయి ఉన్నది. అది సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల కిందటి లావా. దాని కూర్పు పడమటి దక్కను లావాతో సరిపోతున్నది.

ఈ రాతిలో మాగ్నటైటు అనే ఇనుప ఖనిజపు రేణువులు ఉంటవి. లావా సుమారు 580 డిగ్రీల సెంటీగ్రేడుకంటె చల్లబడగానే, ఆనాటి భూ అయస్కాంత క్షేత్రపు దిశ ఆ రేణువులలో నిలిచిపోతుంది. పచ్చికుండపై పడిన వేలిముద్ర ఆవంలో కాలి నిలిచినట్లే ఇదీ.

ఆ దిశ చోటునెట్లా చెబుతుంది? స్వేచ్ఛగా వేలాడే అయస్కాంతపు సూది భూమధ్యరేఖ దగ్గర అడ్డంగా, ధ్రువాల దగ్గర నిలువుగా నిలుస్తుంది. నడుమ ప్రదేశాలలో ఆ వాలునుబట్టి అక్షాంశాన్ని లెక్కించవచ్చు. ఒక్క రాతిని నమ్మరాదు. పిడుగుపాటు వంటివి దాని ముద్రను చెరపవచ్చు. అందుచేత శాస్త్రజ్ఞులు దిక్కు గుర్తించి అనేక పొరల నుండి రాళ్లు తీసి, క్రమంగా వేడిచేసి తరువాత చేరిన అయస్కాంతత్వాన్ని తొలగించి, మిగిలినదానికి సగటు కడతారు.

దక్కను రాళ్లపై క్లెగ్, అతని సహచరులు 1956లో ఇట్టి కొలతలు ప్రకటించినారు. తరువాతి పరిశోధనలతో కలిపి చూడగా, ఆ లావా గడ్డకట్టిన నాడు దక్కను భూమి భూమధ్యరేఖకు దక్షిణాన సుమారు 30 డిగ్రీల దూరంలో ఉన్నదని తేలినది. అనగా అటు తరువాత అది ఉత్తరానికి 5 వేల కిలోమీటర్లకు పైగా వచ్చినది. సగటున ఏటికి సుమారు 8 సెంటీమీటర్లు!

భూఖండాలు కదులుతవని 1912లో వెగెనర్ చెప్పినప్పుడు పండితులలో అధికులు అంగీకరించలేదు. 1930లో ఆయన గ్రీన్లాండు మంచులో మరణించేనాటికీ ఆ సిద్ధాంతానికి ఆదరణ లభించలేదు. తరువాత దాన్ని నిలబెట్టిన సాక్షులలో మన దక్కను నల్లరాయి ఒకటి. రాతి వాలు రేఖాంశాన్ని చెప్పదు. ఆ కొరతను సముద్రగర్భపు శిలలలోని అయస్కాంతపు చారలు చాలావరకు తీర్చినవి.

బందరు ఒడ్డున నిలిచి మనం చూసే సముద్రం కూడా అనాదిగా ఉన్నది కాదు. సుమారు 13 కోట్ల ఏండ్ల కిందట అంటార్కిటికా మన తూర్పుతీరం నుండి విడిపోవడంతో అది పుట్టనారంభించినది. నేటికీ భారతభూమి ఏటికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున సాగుతూనే ఉన్నది. రేవులో లంగరు వేసిన ఓడ నిలిచిపోయినా, రేవు మాత్రం నిలువలేదు.