టీవీ కొనేముందు టేపు తీయండి!

పండగ తగ్గింపు ధరలనగానే మావారు కొత్త టీవీ కొందామన్నారు. షోరూంలో అన్నీ వరసగా వెలిగిపోతున్నాయి. "4కె తీసుకోండి మేడమ్, బొమ్మ నాలుగింతలు బావుంటుంది" అన్నాడు సేల్స్ కుర్రాడు.

చుక్కల లెక్క నిజమే. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అంటే దాదాపు 21 లక్షలు. 4కెలో 3840, 2160. దాదాపు 83 లక్షలు. కానీ ఆ తేడా కంటికి ఆనాలి కదా! 43 అంగుళాల తెరకి ఆరడుగుల అవతల కూర్చుంటే, మామూలు చూపుకి ఫుల్ హెచ్‌డీ చుక్కలే విడివిడిగా కనబడవు. అందుకే ముందు ఇంట్లో టేపు పెట్టి, సోఫాకీ టీవీకీ మధ్య దూరం కొలుచుకోండి.

'డైనమిక్ కాంట్రాస్ట్' అని లక్షల్లో అంకె కనిపిస్తే మురిసిపోకండి. ఒక్కో కంపెనీది ఒక్కో కొలత.

అసలు మాట ఇంకోటుంది. టీవీని సోఫాలో కూర్చునేవాళ్ల కోసం కొంటారు. మనం చూసేదేమో వంటింటి గుమ్మంలోంచి, కూరలు తరుగుతూ, పక్కగా! 'వీఏ' ప్యానెల్ అయితే నలుపు చిక్కగా ఉంటుంది గానీ, పక్కనుంచి చూస్తే సాధారణంగా రంగులు వెలిసిపోతాయి. 'ఐపీఎస్'లో రంగులు అంతగా మారవు, చీకటి దృశ్యాలే కాస్త బూడిదగా ఉంటాయి. ఏ ప్యానెలో అడగండి. చెప్పలేకపోతే ఓ పక్కకి జరిగి చూడండి.

నేనలాగే జరిగాను. మావారు మెచ్చిన టీవీలో హీరోయిన్ మొహం పాలిపోయింది! ఆయన్నీ పిలిచి చూపించాను. మరో మాట లేకుండా పక్క టీవీ వైపు నడిచారు.

డబ్బు ఇద్దరిదీ అయినప్పుడు, చూపూ ఇద్దరిదీ కావాలిగా!