ఎయిర్ ఫిల్టర్ లేని ఇంజన్: పోర్పాయిస్ ఊపిరితిత్తుల్లో ఫంగస్

మన నల్లగొండ, పాలమూరు వాళ్ళకి పెద్ద నీళ్ళంటే నాగార్జునసాగర్, జూరాల. సముద్రం చూడాలంటే రాత్రంతా ప్రయాణం. మరి సముద్రపు జంతువులకొచ్చే ఫంగస్ గోల మనకెందుకు అంటారా? ఈ కథ మొదలయ్యేది నీళ్ళలో కాదు, చెట్ల దగ్గర.

కెనడా పడమటి తీరంలో వాంకూవర్ ద్వీపం ఉంది. 1999 నుంచి అక్కడ మనుషులకీ, కుక్కలకీ, పిల్లులకీ ఒక కొత్త జబ్బు పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో గడ్డలు, కొందరికి మెదడు పొరల వాపు. కారణం క్రిప్టోకాకస్ గాటీ అనే ఫంగస్. అది వేడి దేశాలదే అని అప్పటిదాకా అందరి లెక్క. ఆ తీరంలోనే చచ్చి ఒడ్డుకొచ్చిన పోర్పాయిస్‌లని (డాల్ఫిన్‌కి దగ్గరి చుట్టాలు) కోసి చూస్తే, వాటి ఊపిరితిత్తుల్లోనూ అదే!

ఈ ఫంగస్ ఉండేది చెట్ల బెరడులో, తొర్రల్లో, మట్టిలో. చెట్లు కొట్టినా, నేల తవ్వినా దాని కణాలు దుమ్ముతో పాటు గాలిలోకి లేస్తాయి. పోర్పాయిస్ చేప కాదు, దానికి మొప్పలుండవు. నీటి పైకొచ్చి తల మీది రంధ్రంతో మనం పీల్చే గాలే పీలుస్తుంది. కాకపోతే పీల్చే తీరే వేరు. మామూలుగా మనం ఒక్కో ఊపిరికి లోపలున్న గాలిలో పదో వంతు మారుస్తాం. ఈ జాతి జీవులు 80 శాతం దాకా మార్చగలవు, అదీ రెప్పపాటులో. మన ముక్కులో దుమ్ముని ఆపే మెలికల ఎముకలు వాటికి లేవు. మెకానికల్ బ్రాంచ్ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఎయిర్ ఫిల్టర్ పీకేసిన ఇంజన్ అన్నమాట. పైగా ఆ గాలిని బిగబట్టుకుని నిమిషాల తరబడి మునుగుతాయి.

ఇంకా బాధ కలిగించే సంగతి ఒకటుంది. ఒక పోర్పాయిస్ విషయంలో తల్లి నుంచి కడుపులో పిల్లకి కూడా ఈ ఫంగస్ సోకినట్టు తేలింది.

2021లో మనల్ని హడలెత్తించిన బ్లాక్ ఫంగస్ గుర్తుందిగా, కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి పేరు రోజూ వార్తల్లో వినబడేది. ఆ మ్యూకర్‌మైకోసిస్ కూడా 2012 నుంచి అమెరికా వాయవ్య తీరంలో పోర్పాయిస్‌లలో, సీల్స్‌లో, చివరికి ఒక ఓర్కాలో కూడా బయటపడింది.

ఇక గాటీ మన దేశంలో లేదనుకోకండి. జామాయిల్, నేరేడు చెట్ల మీద దాన్ని మనవాళ్ళే పట్టుకున్నారు. అలాగని జామాయిల్ తోట కనబడగానే ముక్కు మూసుకుని పరిగెత్తొద్దు. ఆ కణాలు పీల్చినవాళ్ళలో చాలామందికి ఏమీ కాదు. జబ్బు వచ్చినా ఆంఫోటెరిసిన్, ఫ్లూకొనజోల్ లాంటి మందులున్నాయి, టైముకి కనిపెట్టాలంతే. చిక్కల్లా అక్కడే. దగ్గు, ఆయాసం, తలనొప్పి చూసి ముందు టీబీ అనుకునే అవకాశమే ఎక్కువ.

అందుకే ఒడ్డుకొచ్చిన పోర్పాయిస్ శవాన్ని అక్కడివాళ్ళు ఊరికే పూడ్చిపెట్టరు, కోసి పరీక్షకి పంపుతారు. ఏ తీరం గాలిలో ఏముందో ఆ ఊపిరితిత్తుల్లో దొరుకుతుంది. మన కోస్తాలోనూ చచ్చిన డాల్ఫిన్‌లు కొట్టుకొస్తుంటాయి, ఆ ఫోటోలు మన గ్రూపుల్లోనూ తిరుగుతుంటాయి. ఈసారి వస్తే కింద ఏడుపు ఎమోజీతో పాటు, పోస్ట్‌మార్టంలో ఏం తేలిందని కూడా ఎవరైనా అడగండి.