ఫోనులో దస్తార్‌బందీ, ఇంట్లో నిట్టూర్పు

సామాజిక మాధ్యమాలు పెంచే పోలికల గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా నగలు, కార్లు, వివాహ వేడుకల ప్రస్తావనతో సరిపెడతాము. ధార్మిక కుటుంబాలలో పరిస్థితి కొంత భిన్నం. ఎదుటివారి బంగారాన్ని చూసి కలత చెందకూడదని మన సోదరీమణులకు తెలుసు. అటువంటి ఆలోచన రాగానే ‘అస్తగ్‌ఫిరుల్లాహ్’ అనుకొని పక్కకు నెట్టేస్తారు. కాని రమజాన్ చివరి పది రోజులలో పినతల్లి కూతురు కాబా ఎదుట నిలబడి దిగిన ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో కనబడినప్పుడు, తొమ్మిదేళ్ల బాలునికి దస్తార్‌బందీ చేస్తున్న వీడియో చేతికి అందినప్పుడు కలిగే బాధను ఎవరూ అనుమానించరు. అది ధర్మాసక్తి వేషంలో వస్తుంది. అందుకే అడ్డు లేకుండా హృదయంలో తిష్ఠ వేస్తుంది.

హిఫ్జ్ తరగతి నడిపే ఉపాధ్యాయునిగా ఈ బాధను నేను తరచుగా వింటూ ఉంటాను. “మౌల్వీసాబ్, ఫలానావారి అబ్బాయి రెండేళ్లలో పూర్తి చేశాడట. మావాడు మూడో ఏట కూడా పన్నెండో పారాలోనే ఉన్నాడు. లోపం వాడిలో ఉందా, నా పెంపకంలో ఉందా?” అని తల్లులు అడుగుతారు. వీడియోలో తలపాగా కనిపిస్తుంది, పూలదండ కనిపిస్తుంది. ఫజ్ర్‌కు ముందు లేచి వల్లించిన సబఖ్ కనిపించదు. పదిహేనో పారా చేరిన పిల్లవాడు కొత్త పాఠంతో పాటు వెనుకటి పద్నాలుగు పారాల ఆమూఖ్తాను కూడా మోయాలి. పాతది జారిపోతున్నదని గ్రహిస్తే మేము కొత్త సబఖ్‌ను కొన్ని వారాలు ఆపివేస్తాము. ఇంట్లోవారికి అది వెనుకబాటుగా తోస్తుంది, మాకు అది పునాది. అసలు దివ్య ఖుర్‌ఆన్ దైవప్రవక్త (స) హృదయంపై అవతరించడానికే దాదాపు 23 సంవత్సరాలు పట్టింది కదా!

ఖుర్‌ఆన్ పారాయణంలో ప్రవీణుడు గౌరవనీయులైన దూతల సహచర్యంలో ఉంటాడనీ, తడబడుతూ శ్రమపడి చదివేవానికి రెండు పుణ్యఫలాలు లభిస్తాయనీ హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. తడబడేవాడు ప్రవీణుని మించినవాడని దీని అర్థం కాదు. ప్రవీణుని స్థానం ప్రవీణునిదే. అయితే నాలుక తిరగక కన్నీళ్లు పెట్టుకునే బాలుని పేరు అల్లాహ్ వద్ద ఓడినవారి జాబితాలో మాత్రం లేదు.

ధర్మకార్యాలలో తమను ఇతరులతో పోల్చుకొని బాధపడటం సహాబాలకు కూడా కొత్త కాదు. నిరుపేద ముహాజిర్లు ప్రవక్త (స) సన్నిధికి వచ్చి, ధనికులు మావలెనే నమాజు చేస్తున్నారు, ఉపవాసం ఉంటున్నారు, పైగా దానాలు చేసి పుణ్యమంతా తీసుకుపోతున్నారని మొర పెట్టుకున్నారు. ఆయన వారిని మందలించలేదు. ప్రతి నమాజు తరువాత పఠించవలసిన తస్బీహ్‌ను నేర్పారు. ఆ సంగతి ధనికులకు తెలిసి వారూ పఠించసాగారు. పేదలు మళ్లీ వచ్చారు. అది అల్లాహ్ అనుగ్రహమనీ, తాను కోరినవారికి ఆయన ప్రసాదిస్తాడనీ అప్పుడు ప్రవక్త (స) సెలవిచ్చారు. అంటే అంతరం పూర్తిగా తొలగిపోలేదు. వారి చేతికి మాత్రం చేయదగిన పని ఒకటి లభించింది.

ఇక ఉమ్రాకు వెళ్లలేకపోయినవారి మాట. హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్ ప్రయాణానికి వాహనాలు దొరకక కన్నీళ్లతో వెనుదిరిగినవారిని అల్లాహ్ సూరా తౌబాలో ప్రస్తావించాడు. ఆ ప్రయాణం నుండి తిరిగివస్తూ మదీనా సమీపంలో ప్రవక్త (స) తన సహచరులకు ఒక సంగతి తెలిపారు. గత్యంతరం లేని కారణాలవల్ల మదీనాలోనే ఆగిపోయినవారు కొందరున్నారనీ, మీరు దాటిన ప్రతి లోయలోనూ వారు మీతో ఉన్నట్లేననీ దాని సారాంశం. మంచం పట్టిన అత్తగారికి సేవచేస్తూ ఊరు కదలలేని కోడలు ఈ హదీసును ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి.

ఇమామ్ గజాలీ (రహ్మలై) ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో ఈర్ష్యను చర్చిస్తూ, అది సాధారణంగా ఒకే రంగంలోనివారి మధ్య పుడుతుందని గుర్తించారు. పండితుడు పండితుణ్ణి, వర్తకుడు వర్తకుణ్ణి చూసి అసూయపడతాడు. ఆయన కాలంలో ఒక రంగంవారంటే ఒక పట్టణంవారు. ఇప్పుడు హాఫిజ్ కావలసిన పిల్లల తల్లులందరినీ ఫోను ఒకే వీధిలో కూర్చోబెట్టింది.

అయితే ఖుర్‌ఆన్ జ్ఞానం పొంది దానితో రేయింబవళ్లు గడిపేవానినీ, ధనాన్ని సన్మార్గంలో ఖర్చుచేసేవానినీ చూసి అటువంటి భాగ్యం కోరుకోవడం హదీసు అనుమతించినదే. మన పండితులు దానిని ‘గిబ్తా’ అన్నారు. నా దృష్టిలో గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఫోను పక్కన పెట్టాక మీరు వుజూకు లేచారా, లేక కొడుకుపై కేకలు వేశారా?

ఫోటోలు పెట్టేవారికి కూడా ఒక మాట. అనుగ్రహాన్ని వెల్లడించడం ధర్మమే, కాదనను. కాని తవాఫ్‌లో వెనుకవారికి అడ్డుపడుతూ వీడియో తీసేవారు ఏ అనుగ్రహాన్ని వెల్లడిస్తున్నారో నాకు అర్థం కాదు. గజాలీ బాగ్దాద్ నిజామియాలో గొప్ప కీర్తి గడించిన తరువాత, తన బోధన వెనుక పేరు కాంక్ష ఉన్నదని గ్రహించి 1095లో ఆ పదవిని విడిచి వెళ్లిపోయారు. మనం ఒక స్టేటస్‌ను మానుకోవడం అంతకన్నా తేలిక.

ఒక బంధువు స్టేటస్ పదేపదే మనసును గాయపరుస్తుంటే దానిని మ్యూట్ చేయండి. వారికి ఆ సంగతి తెలియదు, బంధుత్వమూ తెగదు. నెలకోసారి ఫోను చేసి క్షేమం కనుక్కోండి. ఫోటో కంటబడితే ఆమె ఉమ్రా స్వీకృతం కావాలని దుఆ చేయండి. పరోక్షంలో సోదరుని కోసం చేసే దుఆకు దైవదూత ‘ఆమీన్, నీకూ అటువంటిదే’ అంటాడని ముస్లిం హదీసు తెలుపుతున్నది.

సాయంత్రం ఇంటికి వచ్చిన పిల్లవాణ్ణి ‘ఎన్నో పారా?’ అని అడగకండి. ‘ఈ రోజు సబఖ్ వినిపించు బేటా’ అనండి. మీకు అరబీ చదవడం రాకపోయినా ముస్‌హఫ్ తెరిచి వాడి ఎదుట కూర్చోండి. ఆగినచోట వాడే వేలుపెట్టి చూసుకుంటాడు.