పచ్చిక కింద ఊపిరాడని నేల

మా ఇంటి ముంగిట చిన్న పచ్చిక ఉన్నది. అసర్ నమాజు తర్వాత పాఠం అప్పజెప్పడానికి వచ్చే పిల్లలు దానిపైనే కూర్చుంటారు. పాఠం ముగియగానే అక్కడే పరుగులు తీస్తారు. రెండేళ్లుగా అది పసుపుబారుతూ వచ్చింది. మేము పూటపూటా నీరు పోశాము, యూరియా చల్లాము. నీరు ఇంకక గుంటలు కట్టి, వీధి కాలువలోకి పారింది. చివరకు గడ్డి పీకించి సిమెంటు చేయించాలని ఇంట్లో అందరమూ నిర్ణయించుకున్నాము.

మాది ఇబ్రహీంపట్నం. పట్టిసీమ నుంచి బయలుదేరిన గోదావరి జలాలు 2015లో కృష్ణానదిని కలిసింది మా ఊరి చెంతనే. నది పక్కనే ఉన్నవారికి నీటి విలువ మరుగున పడడం సులభం. వుజూలో సైతం నీటిని వృథా చేయరాదని పిల్లలకు బోధించే మేమే, రోజూ బకెట్ల కొద్దీ నీటిని కాలువపాలు చేశాము.

మేస్త్రీని పిలిచే ముందు, పచ్చికలో ఒక మూల బెత్తెడు లోతున మన్నుతో సహా ఒక ముక్క కోసి చూశాము. పైన పచ్చని ఆకులు. వాటి కింద వేలెడు మందాన గోధుమరంగు పీచు. దాని అడుగున ఇటుకలా బిగిసిన నల్లమన్ను. వేర్లన్నీ పీచులోనే చుట్టుకున్నాయి. మన్నులోకి దిగినవి బహు స్వల్పం.

ఆ పీచు పొరనే థాచ్ అంటారు. కత్తిరించిన ఆకుల వల్ల అది ఏర్పడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి లేత ఆకులు త్వరగా కుళ్లి ఎరువవుతాయి. గరికవంటి పాకుడు గడ్డి కాండాలు, వేర్లు గట్టివి. అవి కుళ్లే వేగం కన్నా పెరిగే వేగం హెచ్చినప్పుడు పీచు పేరుకుంటుంది. అతిగా వేసిన యూరియా ఆ పెరుగుదలనే ప్రోత్సహిస్తుంది. అరంగుళం లోపు పీచు నేలకు నీడనిచ్చి మేలే చేస్తుంది. అది మించితే నీటిని అడ్డుకుంటుంది.

ఇక నేల సంగతి. ఆరోగ్యవంతమైన మన్నులో దాదాపు సగం ఖాళీ సందులే. వాటిలో నీరు, గాలి నిలుస్తాయి. నల్లరేగడి తడిసినప్పుడు మెత్తబడుతుంది. ఆ సమయంలో దానిపై నడిచినా, మోటారు సైకిలు నిలిపినా ఆ సందులు మూసుకుపోతాయి. గాలి ఆడని మన్నులో వానపాములు, సూక్ష్మజీవులు తగ్గుతాయి. అవి లేకపోతే పీచు కుళ్లదు. అనగా ఒక దోషం రెండవదాన్ని పెంచుతుంది.

మీ ఇంట కూడా ఈ పరీక్ష చేయవచ్చు. తడి ఉన్న పచ్చికలో పొడవాటి స్క్రూడ్రైవరును గుచ్చండి. సులభంగా దిగకపోతే నేల బిగిసిందన్నమాట. దాన్ని సరిచేయడానికి తొలకరి తర్వాత, గడ్డి చురుకుగా పెరిగే కాలం అనువైనది; నడివేసవిలో ఈ పనికి పూనుకోరాదు. పిడికెడు మన్ను నొక్కి చూడండి. జిగటగా ముద్దకడితే ఆగండి. పొడిగా విడిపోతే మొదలుపెట్టండి.

ముందుగా ఇనుప పళ్ల దంతెతో పీచును కొద్దికొద్దిగా గీకి తీయాలి. ఒకేసారి అంతా పెరికితే గడ్డి చస్తుంది. తర్వాత బోలు గొట్టాల పనిముట్టుతో మూడంగుళాల లోతున, జానెడు కన్నా తక్కువ ఎడంలో మన్ను తీస్తూ రంధ్రాలు చేయాలి. అది దొరకకపోతే తోటపని ఫోర్కును గుచ్చి, మెల్లగా వెనక్కు వంచి నేలను వదులు చేయవచ్చు. గునపంతో పొడిస్తే బంకమన్ను పక్కలకు మరింత బిగుస్తుంది. పిదప బాగా చివికిన కంపోస్టు పలుచగా పరచి, చీపురుతో రంధ్రాల్లోకి తోయాలి. ఇసుక మాత్రం వద్దు. బంకమన్నులో కొద్దిపాటి ఇసుక కలిస్తే నేల ఇంకా గట్టిపడుతుంది.

ఆపైన నీరు రోజూ కాక, నేల ఆరిన తర్వాత, లోతుగా ఇంకేలా పోయాలి. గుంట కట్టడం కనిపిస్తే ఆపి, ఇంకాక మళ్లీ పోయాలి. రాకపోకల దారిలో రాతి పలకలు పరిస్తే మిగిలిన నేల క్షేమం.

మా పచ్చిక ఒక్క వర్షాకాలంలో పూర్తిగా కోలుకోలేదు. గుమ్మం పక్కన ఇంకా బట్టతలగానే ఉన్నది. అయితే పోసిన నీరు ఇంకుతున్నది, వీధిలోకి పారడం లేదు. మేస్త్రీని వద్దన్నాము. యూరియా మానేశాము. వాన కురిసిన రోజున పిల్లలను వరండాలో కూర్చోబెడుతున్నాము. నేల ఆరే వరకు ఆటకు సెలవు అంటే వారు నొచ్చుకుంటారు గాని, కారణం చెబితే వింటారు.