కొల్లూరు మాట వినే వెబ్ పేజీ

మా కొల్లూరు నుంచి పటాన్‌చెరుకు షిఫ్టులకు పోయేవాళ్లలో టైపు చేయడం రానివాళ్లున్నారు. "పటాన్‌చెరు బస్సెప్పుడు?" అని నోటితో అడిగితే జవాబిచ్చే వెబ్ పేజీ వాళ్ల కోసమే చేస్తున్నాను. మాటను అక్షరాలుగా మార్చే పని వోస్క్ అనే సాఫ్ట్‌వేర్‌ది. అది ఓపెన్ సోర్స్. దాని చిన్న తెలుగు మోడల్ 60 ఎంబీ లోపే, ఇంటర్నెట్ లేకున్నా ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ఓపెన్‌ఏఐ 2022లో విడుదల చేసిన విస్పర్‌కూ తెలుగు వచ్చు, కానీ దాని పెద్ద మోడళ్లకు బలమైన యంత్రం కావాలి.

ఒక సంగతి ముందే తెలియాలి: హెచ్‌టీటీపీఎస్ లేని పేజీకి బ్రౌజర్ మైకు ఇవ్వదు, సొంత మెషీన్‌లోని లోకల్‌హోస్ట్‌కు తప్ప.

అసలు కష్టం పరీక్షలో ఉంది. ప్రతిసారీ మైకు ముందు కూర్చోనక్కర్లేదు, రికార్డు చేసిన ఫైలునే క్రోమియం బ్రౌజర్‌కు మైకుగా చూపించవచ్చు. కోడు మారినప్పుడల్లా అవే గొంతులు వినిపించి, తప్పిన మాటల శాతం లెక్కేస్తాను. ఆ రికార్డింగుల్లో లారీల రొద, యంత్రాల హోరు ఉండాల్సిందే. "యాడికి", "ఎప్పుడొస్తది" అనే మన మాటా ఉండాలి. నిశ్శబ్దపు గదిలో నెగ్గిన పేజీని నేను నమ్మను.

ఇలాంటి గొంతులను జనం నుంచి సేకరించే మొజిల్లా కామన్ వాయిస్‌లో తెలుగు ఉంది. మీ యాసలో నాలుగు వాక్యాలు చదివి అక్కడ ఇవ్వండి.